నక్షత్రాల ఫొటోకు చిన్న టెలిస్కోప్: ఏది ఎంచుకోవాలి, ఎలా నిలబెట్టాలి?

‘525 రెట్లు పెద్దదిగా చూపుతుంది’ అన్న వాక్యం అట్టపెట్టె మీద కనిపిస్తే, ఆ పెట్టెను తిరిగి అరలో పెట్టేయడం మేలు. 70 మిల్లీమీటర్ల కటకం ఉన్న టెలిస్కోప్ ఎంత మంచిదైనా దాదాపు 140 రెట్లు దాటితే బొమ్మ మసకబారుతుంది తప్ప కొత్త వివరమేదీ కనిపించదు. కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రెండుతో గుణిస్తే వచ్చేదే ఆచరణలో పనికివచ్చే గరిష్ఠ పరిమితి. అంతకుమించిన అంకెలన్నీ అమ్మకం కోసం అచ్చువేసినవి. పైగా ఆకాశాన్ని ఫొటో తీయాలనుకునే వారికి ఈ ‘రెట్లు’ అన్న లెక్కతో పనే లేదు. కెమెరా అమర్చినప్పుడు కంటి దగ్గరి కటకాన్ని తీసేస్తారు. టెలిస్కోప్ అప్పుడు ఒక పొడవాటి కెమెరా లెన్సుగా మాత్రమే పనిచేస్తుంది.

గడచిన కొన్నేళ్లలో మన దేశంలో ఖగోళ ఛాయాగ్రహణం మీద ఆసక్తి స్పష్టంగా పెరిగింది. లద్దాఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని 2022 డిసెంబరులో దేశంలో తొలి డార్క్ స్కై రిజర్వుగా ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో డార్క్ స్కై పార్కు గుర్తింపు దక్కింది. అయితే ఈ ఆసక్తితో కొన్న పరికరాల్లో చాలా భాగం కొన్ని నెలలకే అటక ఎక్కుతోంది. కారణం ఆకాశం మీద విసుగు పుట్టడం కాదు. మొదటి కొనుగోలులోనే డబ్బు తప్పు చోట ఖర్చయిపోవడం. ఒక కుటుంబం రెండు మూడు నెలల జీతం పోగేసి కొనే వస్తువు విషయంలో ఆ పొరపాటు చిన్నది కాదు.

చిన్న రిఫ్రాక్టరే ఎందుకు?

పాఠ్యపుస్తకాల్లో దీని పేరు వక్రీభవన దూరదర్శిని. దుకాణంలో ఆ మాట అంటే అమ్మేవారు తెల్లమొహం వేస్తారు కనుక రిఫ్రాక్టర్ అనే అడగాలి. ముందువైపు గాజు కటకం, వెనుకవైపు కెమెరా, మధ్యలో గొట్టం: నిర్మాణం అంతే. అద్దంతో పనిచేసే రిఫ్లెక్టర్లు అదే ధరకు ఎక్కువ వెలుగును సేకరిస్తాయి, కాదనలేం. కానీ వాటి అద్దాలు కుదుపులకు పక్కకు జరుగుతాయి, తరచూ సరిచేయవలసి వస్తుంది. రిఫ్రాక్టర్‌లో కటకాలు కర్మాగారంలోనే బిగించి వస్తాయి. బస్సులో ఊరికి తీసుకెళ్లి దించినా మళ్లీ అదే బొమ్మ ఇస్తుంది. కొత్తవారికి ఇంతకన్నా పెద్ద సౌలభ్యం లేదు.

రెండో కారణం, ఆకాశంలో అందంగా ఫొటోకు చిక్కే వస్తువులు మనం అనుకునేంత చిన్నవి కావు. పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. దేవయాని గెలాక్సీ పొడవు దాదాపు 3 డిగ్రీలు, అంటే ఆరుగురు చంద్రులను వరుసగా పేర్చినంత. మృగశిర నక్షత్ర మండలంలోని ఓరియన్ నెబ్యులా ఒక డిగ్రీ పైచిలుకు విస్తరించి ఉంటుంది. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికల గుంపు రెండు డిగ్రీలు. అవి మామూలు కంటికి సరిగ్గా కనిపించకపోవడానికి వాటి చిన్నతనం కాక వెలుగు తక్కువ కావడమే కారణం. కనుక కావలసింది పెద్దది చేసి చూపే సాధనం కాదు. విశాలమైన క్షేత్రాన్ని అంచుల దాకా స్పష్టంగా పట్టి, చాలాసేపు వెలుగును పోగుచేసే సాధనం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో 15 అంగుళాల పెద్ద టెలిస్కోప్ ఉన్నా, ప్రపంచ ఖగోళ చరిత్రలో ఆ సంస్థకు చోటు సంపాదించిపెట్టింది 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్. ఫొటోల కోసమే తయారైన రిఫ్రాక్టర్ అది. ఆకాశాన్నంతటినీ గాజు పలకల మీద చిత్రించాలని 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ప్రణాళికలో, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకూ ఉన్న పట్టీ బాధ్యతను హైదరాబాద్ తీసుకుని పూర్తిచేసింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల కట్టించింది అంతకన్నా ముందు, 1840లో. తెలుగు నేల మీద ఈ అభిరుచికి వయసు తక్కువేం కాదు.

గాజులోనే ఉంది ధర

ఒకే కటకం అన్ని రంగులనూ ఒకే చోటికి చేర్చలేదు. నీలం కాస్త ముందు, ఎరుపు కాస్త వెనుక కేంద్రీకృతమవుతాయి. దీనినే వర్ణ విపథనం అంటారు. రెండు వేర్వేరు గాజులతో చేసిన కటకాలను జతచేసి ఈ లోపాన్ని తగ్గించే పద్ధతికి 1758లో జాన్ డొలాండ్ ఇంగ్లండ్‌లో పేటెంట్ పొందాడు. ఆ జంట కటకాన్ని అక్రోమాట్ అంటారు. నేటికీ చవక రిఫ్రాక్టర్లన్నీ ఇవే. కంటితో చంద్రుణ్ణి, శని వలయాలను చూడటానికి అవి బాగానే పనిచేస్తాయి. కెమెరాతోనే చిక్కు. మన కన్ను ఊదా రంగును అంతగా పట్టించుకోదు, సెన్సర్ మాత్రం ప్రతి కణాన్నీ లెక్కపెడుతుంది. ఫలితంగా ప్రతి ప్రకాశవంతమైన తార చుట్టూ నీలి ఊదా రంగు గుండ్రటి మరక ఏర్పడుతుంది. సాఫ్ట్‌వేర్‌తో ఆ మరకను తుడవవచ్చు కానీ దానితోపాటు తారల అసలు రంగూ పోతుంది.

అందుకే ఫొటోలకు ‘ఈడీ’ గాజు వాడిన టెలిస్కోప్ కావాలి. కాంతిని తక్కువగా విడదీసే ప్రత్యేక గాజు అది. జపాన్‌కు చెందిన ఒహారా సంస్థ తయారుచేసే ఎఫ్‌పీఎల్-51, ఎఫ్‌పీఎల్-53 అన్న రకాల పేర్లు తయారీదారుల ప్రకటనల్లో తరచూ కనిపిస్తాయి. రెండోది సహజ ఫ్లోరైట్ స్ఫటికానికి దాదాపు సాటివస్తుంది, ధరా ఎక్కువే. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గాజు పేరొక్కటే చూసి కొనడం, బియ్యం రకం పేరు చూసి బిరియానీ రుచిని నిర్ణయించడం లాంటిది. ఆ గాజుకు జతగా ఏ గాజు వాడారు, ఎంత నునుపుగా సాన పట్టారు, ఎంత సరిగ్గా బిగించారు అన్నవి కూడా అంతే ముఖ్యం. ఎఫ్‌పీఎల్-51తో శ్రద్ధగా చేసిన కటకం, ఎఫ్‌పీఎల్-53తో అశ్రద్ధగా చేసిన దానికన్నా మెరుగ్గా ఉండటం అరుదేమీ కాదు.

రెండు కటకాలా, మూడా అన్న ప్రశ్న తరువాత వస్తుంది. మూడు కటకాల ట్రిప్లెట్ రంగులను మరింత కచ్చితంగా ఒకచోట చేరుస్తుంది. అయితే ముందుభాగం బరువెక్కుతుంది, బయటి చలికి సర్దుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ధర గణనీయంగా పెరుగుతుంది. 60 నుంచి 70 మిల్లీమీటర్ల పరిమాణంలో, ఎఫ్/6 నిష్పత్తి దగ్గర, మంచి ఈడీ జంట కటకం మొదటి పరికరంగా చాలు. ట్రిప్లెట్‌కు పెట్టే అదనపు సొమ్మును మౌంట్ మీద పెడితే ఫొటోలో తేడా ఎక్కువగా కనిపిస్తుంది.

కటకం తరువాత చూడవలసింది ఫోకసర్. కెమెరా బరువుకు జారిపోని, సన్నని సవరణకు విడిగా చిన్న చక్రం ఉన్న ఫోకసర్ ఉండాలి. దుకాణంలోనే కెమెరా తగిలించి, గొట్టాన్ని పైకెత్తి, స్క్రూ బిగించినప్పుడు బొమ్మ పక్కకు జరుగుతుందేమో చూడవచ్చు. పాత టెలిస్కోప్ కొంటున్నట్లయితే చీకటి గదిలో కటకంలోకి పక్క నుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూడు దారాల్లాంటి గీతలు కనిపిస్తే అది బూజు. గాజు పైపూతను అది తినేస్తుంది. కోస్తా తేమలో ఇది చాలా మామూలు.

చాలామంది మరచిపోయే మరో వస్తువు ఫీల్డ్ ఫ్లాటెనర్. మామూలు రిఫ్రాక్టర్ బొమ్మ సమతలంగా కాక కొద్దిగా వంపు తిరిగి ఏర్పడుతుంది. సెన్సర్ మాత్రం చదునుగా ఉంటుంది. కనుక మధ్యలో తారలు చుక్కల్లా, మూలల్లో తోకచుక్కల్లా పడతాయి. ఫ్లాటెనర్ ఈ వంపును సరిచేస్తుంది. దాని వెనుక అంచు నుంచి సెన్సర్ దాకా నిర్దిష్టమైన దూరం ఉండాలి. చాలావాటికి అది 55 మిల్లీమీటర్లు. టీ-రింగ్ తగిలించిన డీఎస్ఎల్ఆర్ కెమెరాలకు ఈ కొలత సహజంగానే కుదురుతుంది. ఖగోళ కెమెరా అయితే వలయాలు చేర్చి కొలిచి సరిపెట్టాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా కూడా మూలల్లో తెలిసిపోతుంది. కొన్ని నమూనాల్లో ఈ సవరణ కటకాలు గొట్టంలోనే కలిపి ఉంటాయి. 51 మిల్లీమీటర్ల కటకం, 250 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న రెడ్‌క్యాట్ 51 అటువంటిదే. కొత్తవారికి ఆ తరహా హాయి.

కెమెరాతో పొత్తు

ఇక్కడ చిన్న లెక్క తప్పదు. పంచాంగకర్తలు వాడే కళ, వికళ అన్న మాటలు దీనికి చక్కగా సరిపోతాయి. డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికళ. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎన్ని వికళలను చూస్తుందో తెలియాలంటే, పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, మిల్లీమీటర్లలోని నాభ్యంతరంతో భాగించాలి. 60 మిల్లీమీటర్ల కటకం, 360 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోప్‌కు 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న ఏపీఎస్-సీ సెన్సర్ అమర్చామనుకుందాం. ఒక్కో పిక్సెల్‌కు సుమారు 2.15 వికళలు వస్తాయి. మొత్తం చిత్రంలో 3.7 డిగ్రీల పొడవు, 2.5 డిగ్రీల వెడల్పు పడుతుంది. దేవయాని మొత్తంగా ఇముడుతుంది. మన వాతావరణపు చలనం వల్ల తారలు సాధారణంగా రెండు నుంచి నాలుగు వికళల మేర చెదురుతాయి కనుక ఈ కొలత పిక్సెళ్లను వృథా చేయదు, వివరాన్నీ పోగొట్టదు. అదే కెమెరాను 700 మిల్లీమీటర్ల గొట్టానికి తగిలిస్తే క్షేత్రం సగానికి పడిపోతుంది. దేవయాని చట్రం దాటిపోతుంది. మౌంట్ చేసే ప్రతి పొరపాటూ రెట్టింపై కనిపిస్తుంది.

ఇంట్లో ఇప్పటికే డీఎస్ఎల్ఆర్ ఉంటే దానితోనే మొదలుపెట్టడం వివేకం. దాని ఒక్క లోపం తెలుసుకుని ఉండాలి. నెబ్యులాల్లోని హైడ్రోజన్ వెలువరించే 656 నానోమీటర్ల ఎరుపులో చాలా భాగాన్ని సాధారణ కెమెరాలోని ఫిల్టర్ అడ్డుకుంటుంది. ఓరియన్ నెబ్యులా, కృత్తికలు, దేవయాని బాగానే వస్తాయి. పూర్తిగా ఎర్రటి నెబ్యులాలు వెలవెలపోతాయి. ఖగోళ కెమెరా కొనే ఆలోచన రెండో ఏడాదికి వాయిదా వేయవచ్చు.

మొదట ఆలోచించవలసిన మౌంట్

కొనేవారు చివర్లో ఆలోచించేదీ, మొదట ఆలోచించవలసిందీ టెలిస్కోప్‌ను మోసే మౌంట్. భూమి 23 గంటల 56 నిమిషాలకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. అంటే ఆకాశం సెకనుకు 15 వికళల చొప్పున జరిగిపోతుంది. పైన చెప్పిన అమరికలో మౌంట్ కదలకుండా ఒక్క సెకను ఎక్స్‌పోజర్ ఇస్తే తార ఏడు పిక్సెళ్ల గీత అవుతుంది. నిమిషం ఇస్తే అది అర చంద్రుడంత పొడవు సాగుతుంది. కాబట్టి ఆకాశంతో సమానంగా, అదే దిక్కున, నునుపుగా తిరిగే యంత్రం కావాలి. మామూలు కెమెరా త్రిపాదితో ఈ పని జరగదు.

పైకి కిందికి, కుడికి ఎడమకు కదిలే ఆల్ట్-అజిమత్ మౌంట్‌కు మోటారు ఉన్నా ఒక చిక్కు మిగులుతుంది. తార మధ్యలోనే ఉంటుంది, దాని చుట్టూ చిత్రం మెల్లగా తిరుగుతుంది. వస్తువు నడినెత్తికి చేరేకొద్దీ ఈ భ్రమణం తీవ్రమవుతుంది. కృత్తికలు హైదరాబాద్ మీదుగా దాదాపు నడినెత్తినే పోతాయి. పొడవైన ఎక్స్‌పోజర్ కావాలంటే భూమి అక్షానికి సమాంతరంగా ఒక అక్షాన్ని ఉంచే ఈక్వటోరియల్ మౌంట్ తప్పనిసరి. 5 కిలోలు మోస్తుందని రాసిన మౌంట్ మీద ఫొటోల కోసం 3, 3.5 కిలోలకు మించకుండా చూసుకోవాలి. ఆ అంకె కంటితో చూసేవారి కోసం రాసినది. చిన్న ఈడీ గొట్టం, కెమెరా, గైడ్ స్కోప్ కలిపితే దాదాపు ఆ 3 కిలోలు అవుతాయి. మొత్తం బడ్జెట్‌లో సగం మౌంట్‌కు కేటాయించడం అతిశయం కాదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. మంచి మౌంట్ మీద సాధారణ లెన్సు మంచి ఫొటో తీస్తుంది. ఊగే మౌంట్ మీద ఎంత గొప్ప గాజైనా గీతలే గీస్తుంది.

మన అక్షాంశాలకే ప్రత్యేకమైన ఒక సంగతిని అమ్మకందారులు చెప్పరు. ధ్రువ నక్షత్రం ఎత్తు మనం ఉన్న అక్షాంశంతో దాదాపు సమానం. ఢిల్లీలో అది 28 డిగ్రీలకు పైన ఉంటుంది. హైదరాబాద్‌లో 17, విజయవాడలో 16 పైచిలుకు, తిరుపతిలో 14కు లోపే. చాచిన చేతి పిడికిలి వెడల్పు పది డిగ్రీలనుకుంటే, హైదరాబాద్ వాసికి ధ్రువుడు దిగంతం నుంచి రెండు పిడికిళ్ల ఎత్తులో కూడా లేడు. యూరప్ అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన కొన్ని మౌంట్లు అంత కిందికి వంగవు. వంగినా బరువు తూకం కోసం పెట్టే ఇనుప కడ్డీ త్రిపాది కాలికి తగులుతుంది. కొనేముందు ఆ మౌంట్ కనిష్ఠంగా ఎన్ని డిగ్రీల దాకా వస్తుందో కాగితం మీద చూసి నిర్ధారించుకోవాలి. మన ఊరి అక్షాంశం అందులో సౌకర్యంగా ఇమడాలి.

మొదటి రాత్రికి ముందు, ఆ రాత్రి

పగటిపూట ఇంట్లోనే ఒకసారి అంతా బిగించి, విప్పి, మళ్లీ బిగించడం మంచిది. చీకట్లో ఏ స్క్రూ ఎటు తిరుగుతుందో చేతికి తెలియాలి. ఫోకస్‌ను కూడా పగలే, కిలోమీటరు రెండు కిలోమీటర్ల దూరంలోని సెల్ టవర్ మీద ఉజ్జాయింపుగా కుదిర్చి, ఫోకసర్ మీద ఆ స్థానానికి గుర్తు పెట్టుకుంటే రాత్రి సగం శ్రమ తప్పుతుంది. సూర్యుడు ఉన్న దిక్కుకు మాత్రం గొట్టం తిప్పకూడదు. ముందు కటకానికి తగిన సౌర ఫిల్టర్ తొడగకుండా సూర్యుణ్ణి చూస్తే కంటిచూపు క్షణంలో పోతుంది, కెమెరా అయితే కాలిపోతుంది. కంటి దగ్గర బిగించే చిన్న నల్లటి గాజు ఫిల్టర్లు వేడికి పగలవచ్చు, వాటిని నమ్మరాదు. 2027 ఆగస్టు 2న మన దేశంలో పాక్షిక సూర్యగ్రహణం రానున్నందున ఈ మాట ఇప్పుడే చెప్పుకోవలసి ఉంది.

రాత్రి గట్టి నేల మీద త్రిపాదిని తక్కువ ఎత్తులో, సమతలంగా నిలపాలి. కాళ్లు పూర్తిగా సాగదీస్తే గాలికి వణుకుతుంది. మేడ మీదైతే సిమెంటు కప్పు మనం నడిచినప్పుడల్లా కదులుతుందని గుర్తుంచుకుని, ఫొటో నడుస్తుండగా పక్కన పచార్లు చేయకుండా ఉంటే చాలు. తరువాత తూకం. కెమెరా, కేబుళ్లు అన్నీ తగిలించాకే రెండు అక్షాలనూ వదులుచేసి, గొట్టం ఎక్కడ వదిలితే అక్కడ ఆగేలా బరువును జరపాలి. కేబుళ్లను కట్టిపెట్టకపోతే అర్ధరాత్రి ఏదో ఒకటి చిక్కుకుని లాగుతుంది.

ఇక ధ్రువ సంధానం, అంటే పోలార్ అలైన్‌మెంట్. తెలుగు ప్రాంతాల్లో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా స్వల్పం, అది మన అదృష్టం. అయితే ఇనుప త్రిపాది పక్కన దిక్సూచిని నమ్మకూడదు, రెండు మూడు అడుగులు దూరం జరిగి చూడాలి. మౌంట్ ఎత్తును ఊరి అక్షాంశానికి సరిచేసి, మౌంట్‌లోని చిన్న ధ్రువ దర్శినిలో నుంచి ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోవాలి. ధ్రువుడు సరిగ్గా ధ్రువ బిందువు మీద లేడు. డిగ్రీలో దాదాపు మూడింట రెండు వంతులు పక్కకు ఉండి దాని చుట్టూ తిరుగుతాడు. ఆ సమయానికి ఎటువైపు ఉంటాడో ఫోన్ యాప్ చెబుతుంది, అక్కడికి తెచ్చి బిగిస్తే సరి.

అసలు ఇబ్బంది, మనకు ధ్రువుడు పక్క అపార్ట్‌మెంట్ వెనుకో, కొబ్బరిచెట్టు వెనుకో, దిగంతపు దుమ్ములోనో ఉంటాడు. ఉత్తరం పూర్తిగా మూసుకుపోయిన బాల్కనీ వాసులు నిరాశపడనక్కరలేదు. ‘నీనా’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఒక మార్గం ఉంది. ఆకాశంలో కనిపించే ఏ భాగాన్నయినా మూడు చోట్ల ఫొటో తీసి, తారల స్థానాలను గుర్తించి, అక్షం ఎంత పక్కకు ఉందో అది లెక్కగట్టి చెబుతుంది. మనం మరలు తిప్పుతుంటే తెర మీద తేడా తగ్గుతూ కనిపిస్తుంది. అయిదారు కళల లోపుకు తెస్తే చిన్న రిఫ్రాక్టర్‌కు చాలు. సున్నా కోసం గంటసేపు తంటాలు పడటం అనవసరం.

ఫోకస్ విషయంలో మాత్రం రాజీ కుదరదు. తెర మీద తారను పెద్దది చేసి కంటితో అంచనా వేయడం కన్నా బాహ్టినోవ్ మాస్క్ వాడటం నిశ్చయం. చీలికలు కోసిన ప్లాస్టిక్ మూత అది. కటకం ముందు పెట్టి ఏదైనా ప్రకాశవంతమైన తారను చూస్తే మూడు గీతలు కనిపిస్తాయి. మధ్య గీత మిగతా రెండు కలిసే చోటు గుండా సరిగ్గా పోతే ఫోకస్ కుదిరినట్లు. ఆపై మూత తీయడం మరచిపోయేవారు ఎక్కువ. రాత్రి చల్లబడేకొద్దీ గొట్టం కుంచించుకుపోతుంది కాబట్టి గంట, గంటన్నరకోసారి మళ్లీ చూసుకోవాలి.

గైడింగ్ మొదటి రాత్రికి అవసరం లేదు. 30 సెకన్ల ఎక్స్‌పోజర్లతో మొదలుపెట్టి, తారలు గుండ్రంగా వస్తున్నంతవరకూ పెంచుకుంటూ పోవచ్చు. మౌంట్ పళ్లచక్రాల లోపం వల్ల రెండు మూడు నిమిషాల దగ్గర తారలు సాగడం మొదలైతే అప్పుడు 30 మిల్లీమీటర్ల చిన్న గైడ్ స్కోప్, దానికో చిన్న కెమెరా జోడించాలి. పీహెచ్‌డీ2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక తారను ఎడతెగక గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దుతుంది.

ఒక్క ఫొటోతో నెబ్యులా రాదు. పదుల, వందల ఫొటోలను కలిపినప్పుడే రొద తగ్గి బొమ్మ తేలుతుంది. దీని లెక్క కాస్త కఠినం: స్పష్టత రెట్టింపు కావాలంటే సమయం నాలుగింతలు కావాలి. గంట సేకరణ తరువాత కనిపించే మెరుగుదల కోసం నాలుగు గంటలు వెచ్చించాలి. నగరపు వెలుతురులో ఈ బేరం మరీ కష్టం. ఆకాశపు చీకటిని 1 నుంచి 9 వరకూ కొలిచే బోర్టిల్ కొలమానంలో మహానగరాల నడిబొడ్డు 8, 9 దగ్గర ఉంటుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగులను మాత్రమే వదిలే ద్వంద్వ ఫిల్టర్లు నెబ్యులాల విషయంలో కొంత ఆదుకుంటాయి. గెలాక్సీలు, తారా గుచ్ఛాల విషయంలో వాటి వల్ల ప్రయోజనం లేదు. వాటికి ఊరు దాటి వెళ్లవలసిందే. వెళ్లేవారు ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం, అర్ధరాత్రి పొలం గట్టున వింత యంత్రంతో నిలబడబోతున్న సంగతిని ఆ ఊరివారికీ, దగ్గరి పోలీసు స్టేషన్‌కూ ముందే చెప్పడం శ్రేయస్కరం. అనుమతి లేకుండా రాత్రివేళ అభయారణ్యాల్లోకి వెళ్లడం నేరం. పాముల సంగతి చెప్పనవసరం లేదు.

అదే రాత్రి, పరికరం విప్పకముందే, కటకం మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో పాతిక దాకా డార్క్ ఫ్రేములు తీయాలి. సెన్సర్ వేడి వల్ల పుట్టే చుక్కలను అవి తొలగిస్తాయి. తరువాత కటకం మీద తెల్లని బట్ట బిగించి, తెల్లవారుతున్న ఆకాశం కేసి ఫ్లాట్ ఫ్రేములు తీస్తే దుమ్ము మచ్చలు, అంచుల చీకటి పోతాయి. కెమెరాను కొంచెం తిప్పినా పాత ఫ్లాట్లు పనికిరావు. వీటన్నింటినీ సిరిల్, డీప్‌స్కైస్టాకర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు కలిపిపెడతాయి.

ఎప్పుడు, దేనిని?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనాలు మనకు ఆకాశాన్ని మూసేస్తాయి. పాలపుంత మధ్యభాగం సాయంత్రాల్లో ఎత్తుగా ఉండేది అప్పుడే కావడం ఒక వైపరీత్యం. ధనుస్సు రాశిలోని లగూన్ నెబ్యులా కావాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున లేవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ అసలైన పంటకాలం. మొదటి లక్ష్యంగా ఓరియన్ నెబ్యులాను మించినది లేదు. హైదరాబాద్‌లో అది 67 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది, నగరంలోనూ దొరుకుతుంది. దాని నడిమి భాగం మరీ ప్రకాశవంతం కాబట్టి నిమిషం నిడివి ఫొటోలతోపాటు పది సెకన్ల ఫొటోలు కొన్ని తీసి తరువాత కలుపుకోవాలి.

దక్షిణాదిన ఉన్నందుకు మనకు దక్కే వరం ఒకటుంది. లక్షల తారల గోళ గుచ్ఛం ఒమేగా సెంటారి లండన్ వాసులకు ఎన్నటికీ ఉదయించదు. ఢిల్లీలో 14 డిగ్రీల ఎత్తున దుమ్ములో మసకగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో 25 డిగ్రీలకు చేరుతుంది. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణ దిక్కున తెరపి ఉన్న చోటు చూసుకుంటే చిన్న రిఫ్రాక్టర్‌కు అది హాయిగా చిక్కుతుంది.

ఇదంతా చదివి, ఇంత తతంగం ఎందుకని అనిపించేవారి కోసం ఇప్పుడు ‘స్మార్ట్ టెలిస్కోపులు’ వచ్చాయి. 2023లో మార్కెట్లోకి వచ్చిన సీస్టార్ ఎస్50 వాటిలో ప్రసిద్ధం. 50 మిల్లీమీటర్ల మూడు కటకాల రిఫ్రాక్టర్, కెమెరా, మౌంట్, ఫిల్టర్, తేమను ఆపే హీటర్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. ఫోన్‌లో వస్తువు పేరు నొక్కితే అదే వెతికి, చిన్న చిన్న ఎక్స్‌పోజర్లను కలుపుతూ పోతుంది. విడివిడిగా కొన్న సామగ్రి మొత్తంతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. దీన్ని చిన్నచూపు చూడటం సరికాదు. బడిపిల్లలకు ఒకే రాత్రి పది వస్తువులు చూపించాలనుకునే ఉపాధ్యాయుడికి ఇదే సరైన ఎంపిక. అయితే దాని సెన్సర్ చిన్నది, మామూలు అమరికలో దేవయాని మొత్తంగా పట్టదు. కెమెరాను గానీ కటకాన్ని గానీ తరువాత మార్చుకునే వీలు లేదు. ఒక్క చిత్రం కోసం వారాలు కష్టపడటంలో ఆనందం ఉన్నవారికి అది త్వరలోనే ఇరుకనిపిస్తుంది.

చివరిగా నిర్వహణ. శీతాకాలపు రాత్రుల్లో కటకం మీద మంచు పేరుకోవడం కోస్తా జిల్లాల్లో నిత్యకృత్యం. యూఎస్‌బీతో పనిచేసే హీటర్ పట్టీని కటకం చుట్టూ, ఫొటోలు మొదలుపెట్టకముందే చుట్టాలి. తడిసిన కటకాన్ని కండువాతో తుడవకూడదు, గాలికి ఆరనివ్వాలి. తడి ఆరకుండా మూతపెట్టి పెట్టెలో భద్రపరిస్తే బూజుకు స్వయంగా ఆహ్వానం పలికినట్లే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచి, రంగు మారిన జెల్‌ను వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవాలి. వర్షాకాలం నాలుగు నెలలూ వాడకపోయినా నెలకోసారి డబ్బా తెరచి, కటకాన్ని టార్చితో పరీక్షించి, ఫోకసర్‌ను ఒకసారి ఇటూ అటూ తిప్పి పెట్టాలి.